నెట్ పోయాక ఏం మిగులుతుంది? ఉచిత చదువు సైట్లు ఏడేళ్ళు వాడాక

కోనసీమలో పి.గన్నవరం దగ్గర, గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక ఊళ్ళో నేను ట్యూషన్ చెబుతాను. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా పిల్లలు వస్తారు. నేను చదివింది బీఎస్సీ మ్యాథ్స్. కానీ ఊళ్ళో ట్యూషన్ మాస్టారంటే ఒక్క లెక్కలతో సరిపోదు. లెక్కలయ్యాక జీవశాస్త్రం, అదయ్యాక సోషల్, పరీక్షల ముందు ఇంగ్లిష్ గ్రామర్, అన్నీ చెప్పాలి. నాకు సరిగా రాని పాఠం రేపు చెప్పాలంటే ముందు రోజు రాత్రి నిద్ర పట్టేది కాదు. ఆ టెన్షన్ వల్లే 2018 వేసవిలో ఈ ఉచిత సైట్లు వెతకడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి ఆపకుండా వాడుతున్నాను.

మొదట్లో సైటు చూడగానే బొమ్మలు బాగున్నాయా, పాఠాలు ఎన్ని ఉన్నాయి అని మాత్రమే చూసేవాణ్ణి. 2022 జులై వరదతో ఆ అలవాటు పోయింది. ఆ నెల ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మాకు రోడ్డు మునిగింది, కరెంటు పోయింది, టవర్ పనిచేయలేదు. మా డాబా మీద మూడు కుటుంబాలు తలదాచుకున్నాం. అందులో ఐదుగురు చదువుకునే పిల్లలు. రెండో రోజు మధ్యాహ్నం ఒక పిల్లాడు వచ్చి, "మాస్టారూ, ఫోన్లో ఏదైనా పాఠం చూపించండి" అన్నాడు. నేను గుర్తు పెట్టుకుని దాచుకున్న లింకులు అరవై దాకా ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. అంతకు ముందు ఎప్పుడో దించుకున్న నాలుగు పీడీఎఫ్‌లూ, ల్యాప్‌టాప్‌లో ఉన్న కొన్ని సైన్సు బొమ్మలూ మాత్రమే పనికొచ్చాయి. అప్పటి నుంచి ఏ సైటు చూసినా నాది ఒకటే ప్రశ్న. నెట్ పోయాక నా చేతిలో ఏం మిగులుతుంది?

ఆ ప్రశ్నకు అన్నిటికంటే మంచి జవాబిచ్చింది ఫెట్ (PhET) అనే సైటు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్‌లో దీన్ని తయారుచేస్తారు. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. ఇందులో ఉండేవి వీడియోలు కావు, పిల్లలు తమ చేత్తో కదిపి చూసే ప్రయోగాలు. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలూ లెక్కలూ ఉన్నాయి. చాలా ప్రయోగాలకు తెలుగు అనువాదం కూడా ఉంది. ఒక్కో ప్రయోగం ఒక్క ఫైలుగా దిగుతుంది, ఆ తర్వాత నెట్ అక్కర్లేదు. వరదలో పనికొచ్చిన సైన్సు బొమ్మలు ఇవే.

దీని విలువ నాకు బాగా తెలిసింది విద్యుత్ పాఠం చెప్పేటప్పుడు. కరెంటును కాలువలో నీళ్ళతో పోల్చి చెప్పడం నాకు అలవాటు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మాస్టారూ, లాకులు ఎత్తాక శివారున ఉన్న మా బోదెలోకి నీళ్ళు రావడానికి రెండ్రోజులు పడుతుందండి. స్విచ్ వెయ్యగానే బల్బు ఎలా వెలుగుతుందండి?" అని అడిగింది. బోదె అంటే పొలంలోకి నీళ్ళు తెచ్చే పిల్లకాలువ. వాళ్ళ నాన్న రాత్రిళ్ళు వంతు నీళ్ళకు కాపలా కాసే మనిషి, కాబట్టి ఆ అమ్మాయికి అది ఊహించి వేసిన ప్రశ్న కాదు. నేను చెప్పిన జవాబు నాకే నచ్చలేదు. ఆ రాత్రి ఫెట్‌లో సర్క్యూట్ కట్టి చూశాను. స్విచ్ వెయ్యకముందే తీగ పొడవునా ఎలక్ట్రాన్ల నీలి చుక్కలు నిండి ఉన్నాయి. వెయ్యగానే అన్నీ ఒక్కసారే కదిలాయి. మర్నాడు ఆ అమ్మాయి చేతికే మౌస్ ఇచ్చాను. రెండు మూడు సార్లు వేసి ఆపి చూసి, "అయితే ఇది ఎండిన బోదె కాదండి, ముందే నిండిన బోదె" అంది. నిజంగా తీగలో ఎలక్ట్రాన్లు ముందుకు జరిగేది సెకనుకు ఒక మిల్లీమీటరు కంటే తక్కువే. బల్బు వెంటనే వెలిగేది తీగంతటా ఉన్న ఎలక్ట్రాన్లు ఒకేసారి కదలడం వల్ల. ఇరవై ఏళ్ళ కిందట పుస్తకంలో నేను చదివిన సంగతే ఇది. అర్థమైంది మాత్రం ఆ రోజు.

జీవశాస్త్రంలో కుందేళ్ళ ప్రయోగం ఉంది. మంచు నేల మీద తెల్ల కుందేళ్ళు, గోధుమరంగు కుందేళ్ళు కలిపి వదిలి, తోడేళ్ళను వదలాలి. నాలుగైదు తరాలు గడిచేసరికి ఏ రంగు మిగిలిందో పిల్లలు లెక్క రాసుకుంటారు. ప్రకృతి వరణం అనే మాటను బట్టీ పట్టించే పని నాకు తప్పింది.

ఖాన్ అకాడమీ ఇంకో రకం. సల్మాన్ ఖాన్ అనే ఆయన 2004లో దూరంగా ఉన్న తన బంధువుల పిల్లకు లెక్కలు చెప్పబోయి మొదలుపెట్టిన పని అది. ఎదురుగా ఒకే ఒక్క పిల్లను కూర్చోబెట్టుకుని చెప్పినట్టుండే ఆ ధోరణి ఆ పాఠాల్లో ఇప్పటికీ ఉంది. బీజగణితం, త్రికోణమితి, కలన గణితం, వీటిలో వరస ఎక్కడా తెగదు. అయితే నాకు ఎక్కువ పనికొచ్చినవి వీడియోల కంటే అభ్యాసాలే. తప్పు చేస్తే మెట్టు మెట్టుగా సూచన వస్తుంది. సూచన చూస్తే మాత్రం ఆ లెక్క రానట్టే లెక్క. మొదట్లో పిల్లలు దీనికి గింజుకునేవారు, ఇప్పుడు కాగితం మీద రెండుసార్లు చేసుకున్నాకే జవాబు నొక్కుతున్నారు. వీడియోలు యాప్‌లో దాచుకోవచ్చు, అభ్యాసాలకు మాత్రం నెట్ ఉండాలి. నేను వాడింది ఇంగ్లిష్‌లోనే. లవం, హారం, కర్ణం అని నేర్చుకున్న పిల్లలకు ఆ ఇంగ్లిష్ మాటలు కొత్త. అందుకే ఒక్కో అధ్యాయానికి ముందు పదిహేను ఇరవై మాటలు రెండు భాషల్లో బోర్డు మీద రాస్తాను. ఈ పని చెయ్యకుండా ఫోన్ చేతికిస్తే ఆ వీడియో చూసిందీ చూడందీ ఒకటే.

పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లను చాలామంది పట్టించుకోరు, నాకు అది బాధ. మన రాష్ట్ర పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు ఉంటుంది. మీడియం మారిన పిల్లలకు ఇంతకంటే మంచి నిఘంటువు లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు అధ్యాయాల వారీగా ఉచితంగా దిగుతాయి. ఇంటర్ సైన్సు పిల్లలకు అవి చదివిస్తాను. 2017లో వచ్చిన ప్రభుత్వ యాప్ దీక్షలో పుస్తకంలోని క్యూఆర్ కోడ్ చూపిస్తే ఆ పాఠం తెరుచుకుంటుంది. ఎందరో టీచర్లు చేసిన వీడియోలు కాబట్టి అన్నీ ఒక్క తీరున ఉండవు. ముందు నేను చూసి, బాగున్నవే పిల్లలకు చెబుతాను.

సోషల్‌కు తెలుగు వికీపీడియా, దాంతోపాటు కివిక్స్. కివిక్స్ అనే యాప్‌లో వికీపీడియా మొత్తాన్ని ఒక ఫైలుగా దించుకుని నెట్ లేకుండా చదవొచ్చు. పేరు చెప్పి పంచుకుంటే వికీపీడియా వ్యాసాలు నకలు తీసి ఇవ్వడానికి అభ్యంతరం లేదు. అమలాపురంలో తెలిసినవాళ్ళ ఇంట్లో వైఫై మీద దించి తెచ్చుకున్నాను. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో కొన్ని వ్యాసాలు చాలా చిన్నవి, కొన్నిటికి ఆధారాలు లేవు. అందుకే పరీక్షకు రాసే సంవత్సరాలను పుస్తకంతో సరిచూసుకోమంటాను. తెలుగు మాటలకు ఆంధ్రభారతి సైటును మించింది నాకు కనబడలేదు. ఒక మాట కొడితే ఎన్నో నిఘంటువుల్లోంచి అర్థాలు ఒకేసారి వస్తాయి, బ్రౌన్ నిఘంటువుతో సహా. ఆ నిఘంటువు అచ్చయింది 1852లో. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయిందీ ఆ ఏడాదే. ఈ సంగతి చెప్పినప్పటి నుంచి పిల్లలకు బ్రౌన్ సంవత్సరం మర్చిపోవడం కుదరడం లేదు.

పెద్ద చదువులకు ఎన్‌పీటీఈఎల్ (NPTEL) సైటు. ఐఐటీలూ, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టాయి. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే డబ్బు కట్టి సెంటరుకు వెళ్ళి పరీక్ష రాయాలి. నా పాత శిష్యుడొకడు ఇంజినీరింగ్‌లో ఒక సబ్జెక్టు తప్పి, సెలవుల్లో ఇంటికొచ్చి, మా అరుగు మీద కూర్చుని ఈ పాఠాలతోనే దాన్ని గట్టెక్కాడు. వాడు ముందుగా చదివింది వీడియో కాదు, ఉపన్యాసాల రాతప్రతి. చదివాక వీడియో చూస్తే సగం సమయం మిగిలిందన్నాడు. నా కోసం నేను చూసినవి అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం ఉచిత పాఠాల సైటు ఓపెన్‌కోర్స్‌వేర్‌లో గిల్బర్ట్ స్ట్రాంగ్ గారి లీనియర్ ఆల్జీబ్రా పాఠాలు. డిగ్రీలో మాత్రికలు చేశాను గానీ, అవి దేనికో ఆయన సుద్దముక్క పట్టుకుని చెప్పేదాకా నాకు తెలియదు. నలభై దాటిన వయసులో ఆ ఆనందం దొరకడం నాకు పెద్ద విషయం.

ఉచితం అన్న మాట మీద ఒక్క హెచ్చరిక. 2021లో ఒక యాప్ ఉచితమని చెబితే ముగ్గురు పిల్లల చేత పెట్టించాను. వారం తిరక్కుండానే తల్లిదండ్రులకు ఫోన్లు, కోర్సు కొనమని. అందులో ఒకరు కొబ్బరి దింపు డబ్బు నుంచి మొదటి వాయిదా కట్టేశారు. ఆ డబ్బు తిరిగి రాలేదు, ఆ ఇంటికి నేను చాలాసార్లు వెళ్ళి క్షమాపణ చెప్పాను. ఇప్పుడు తల్లిదండ్రుల ఫోన్ నంబరు అడిగే దేన్నీ పిల్లల చేత పెట్టించను.

లోటు ఎక్కడంటే, ఇంటర్ స్థాయి సైన్సుకు తెలుగులో సరైన ఉచిత అభ్యాసాలు నాకు దొరకలేదు. ఇంకొకటి ఫోన్. మా దగ్గర చాలా ఇళ్ళలో ఒకటే ఫోన్, అదీ పొద్దున్నుంచి రాత్రి దాకా నాన్న జేబులో ఉంటుంది. అన్న ఉంటే తర్వాత వంతు వాడిదే, ఆడపిల్లకు దొరికేసరికి పది దాటుతుంది. అందుకే సాయంత్రం మా ల్యాప్‌టాప్ ముందు వంతులు పెట్టాను, మొదటి వంతు ఇంట్లో ఫోన్ దొరకని వాళ్ళది.

ఏటా జూన్‌లో, గోదావరి ఎరుపెక్కక ముందే, అందరి మెమరీ కార్డులూ తీసుకుని నింపుతాను. ముందు ఆ తరగతి పుస్తకాలు, తర్వాత ఫెట్ ప్రయోగాలు, చోటు మిగిలితే వికీపీడియా. నిన్న పదో తరగతి అమ్మాయి ఒక పాత కార్డు కాగితంలో మడిచి తెచ్చింది. అందులో వాళ్ళ అక్క పెళ్ళి ఫోటోలున్నాయి, వాటిని తియ్యొద్దంది. ఫోటోలు అలాగే ఉంచి లెక్కలు, సైన్సు ఎక్కించాను. సోషల్‌కు చోటు చాల్లేదు. రేపు ఇంకో కార్డు వెతికి ఇస్తానని చెప్పాను.