ఆధార్ అడిగారు, వయసు చూడలేదు

కాళేశ్వరం దారిలో మేము దిగిన లాడ్జి పేరు రాయను గానీ, వాళ్లిచ్చిన బిల్లు ఇంకా నా జేబులోనే ఉంది. రెండు ఏసీ గదులు 3,600, అదనపు పరుపు 300, కూల్ డ్రింక్స్ 560. "ఇన్ని కూల్ డ్రింకులు ఎవరు తాగారు?" అని బావ అడిగేసరికి మా మేనల్లుడు తల దించుకున్నాడు.

వాడికి 19 ఏళ్లు, వెంట వచ్చిన స్నేహితుడికి 20. రాత్రి కిందికి ఫోన్ చేస్తే రెండు బీర్లు గదికే వచ్చాయట. తెలంగాణలో 21 నిండనివారికి మద్యం అమ్మకూడదు. పైగా అది బారు కూడా కాదు. సాయంత్రం దిగినప్పుడు కౌంటరులోని మనిషి అందరి ఆధార్ కార్డులూ తీసుకున్నాడు. జిరాక్సు మసకగా వచ్చిందని అక్క కార్డును రెండోసారి తీయించాడు. అంటే పిల్లల పుట్టిన తేదీలు వాళ్ల ఫైలులోనే ఉన్నాయి! గది ఇవ్వడానికి అంత శ్రద్ధగా చూసిన కార్డు, సీసా పంపేటప్పుడు ఎందుకు గుర్తు రాలేదని నిలదీశాను. "డబ్బు వెనక్కి ఇస్తాను సార్" అన్నాడు. డబ్బు వద్దు, కూల్ డ్రింక్స్ అన్న మాట కొట్టేసి ఏం అమ్మారో రాసివ్వమన్నాను. రాయలేదు.

ముందు రోజు హనుమకొండ నుంచి బయలుదేరి రామప్ప చూశాం. 1213 నాటి ఆ నల్లరాతి శిల్పాల ముందు రెండు గంటలు ఇట్టే గడిచాయి. కారుకు రెండు రోజులకు 7,500.

లాడ్జి నుంచి బయలుదేరాక అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది, ఒక్క మాట లేదు. చివరికి మేనల్లుడే అన్నాడు: "మామయ్యా, తప్పు నాదే. కానీ 18కి ఓటు ఇచ్చారు, సిగరెట్ కొనుక్కోవచ్చన్నారు. బీరుకు మాత్రం 21 ఎందుకు?" బావ కసిరాడు గానీ, ప్రశ్న సరైనదే. పొగాకుకు 2003లో కేంద్రం చేసిన చట్టం ఉంది. దేశమంతటా 18 లోపు వారికి అమ్మకూడదు. మద్యం రాష్ట్రాల చేతిలోని విషయం. అందుకే గోవాలో 18, మహారాష్ట్రలో తేలికపాటి బీరుకు 21, విస్కీ లాంటి ఘాటు మద్యానికి 25. నన్నడిగితే సిగరెట్‌కూ 21 పెట్టాలి. 18 ఏళ్లకు అంటుకున్న పొగ అలవాటు మా నాన్నను 60 దాటనివ్వలేదు.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలను దర్శించుకుని, సంగమం దగ్గర నిలబడ్డాం. వంతెన దాటితే మహారాష్ట్రలోని సిరొంచ. అక్కడ 25 అనుకుంటున్నారేమో, అది గడ్చిరోలి జిల్లా. 1993 నుంచి మద్యనిషేధం. అదే గోదావరి, ఈ ఒడ్డున ఒక చట్టం, ఆ ఒడ్డున మరొకటి. వాడు చాలాసేపు అవతలికే చూస్తూ ఉండిపోయాడు.

గుడి దగ్గర ఒక పెద్దమ్మ పెట్టిన భోజనం 120 రూపాయలు. పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. ఆ పచ్చిపులుసు కోసమైనా మళ్లీ వెళ్తాను! అక్క నోరు విప్పింది కూడా అక్కడే. కొడుకు విస్తట్లో మరో గరిటె అన్నం వేసి, "తిను" అంది.

మీరు వెళ్తే తెల్లవారుజామునే బయలుదేరండి, రాత్రికి హనుమకొండ చేరుకోవచ్చు; దారిలో బస అవసరమే లేదు. ఉండక తప్పకపోతే బిల్లులో ప్రతి పద్దూ విడిగా రాయించుకోండి.

సోమవారం ఈ బిల్లు పట్టుకుని ఎక్సైజ్ కార్యాలయానికి వెళ్తున్నాను. ఏం జరిగిందో తానే చెబుతానని మేనల్లుడు కూడా వస్తున్నాడు.