కార్పొరేట్ ఫైనాన్స్ చదవాలంటే ఎమ్మెస్సీయా, ఎంబీఏనా, సీఎఫ్‌ఏనా? ఏది మేలు?

రెండు ప్రాజెక్టులు ఉన్నాయి. మొదటిదాంట్లో 100 పెడితే ఏడాది తిరిగేసరికి 150 వస్తుంది. రెండోదాంట్లో 1,000 పెడితే 1,250 వస్తుంది. రెండూ చేయడానికి వీల్లేదు, ఒక్కటే ఎంచుకోవాలి. ఏది?

క్లాసులో ఈ ప్రశ్న అడిగినప్పుడు తడుముకోకుండా మొదటిదన్నాను. 50 శాతం ఎక్కడ, 25 శాతం ఎక్కడ! మా సార్ ఏమీ అనకుండా 10 శాతం డిస్కౌంట్ రేటుతో రెండింటి నికర ప్రస్తుత విలువ, అదే ఎన్‌పీవీ, లెక్కగట్టమన్నారు. అంటే ఏడాది తర్వాత వచ్చే డబ్బును ఆ రేటుతో ఇవాళ్టి విలువకు కుదించి, అందులోంచి పెట్టిన డబ్బు తీసేయాలి. మొదటిదానికి 36 వచ్చింది, రెండోదానికి 136. "శాతాలతో జీతాలు ఇవ్వలేం బాబూ, డబ్బుతోనే ఇవ్వాలి" అన్నారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. "మొదటిది ఎంచుకుంటే చేతిలో మిగిలే 900 మాటేమిటి?" అని మళ్లీ అడిగారు. దాన్ని కూడా 10 శాతానికే తిప్పగలిగితే దాని ఎన్‌పీవీ సున్నా, కాబట్టి జవాబు మారదని అందరం కలిసి తేల్చాం. వెంటనే ఇంకో ప్రశ్న: "సరే, ఆ 10 శాతం ఎక్కణ్ణుంచి వచ్చింది?" బెల్లు కొట్టేదాకా ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయాం.

ఫైనాన్స్‌లో ముందుకెళ్లాలనుకునే జూనియర్లు ఎమ్మెస్సీ ఫైనాన్స్, ఎంబీఏ, సీఎఫ్‌ఏ (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్ పరీక్ష) మూడింట్లో ఏది మేలని అడిగినప్పుడల్లా నాకు ఆ క్లాసే గుర్తొస్తుంది. పరీక్షలో అయితే 10 శాతం ప్రశ్నలోనే ఇచ్చేస్తారు. కంపెనీలో ఎవరూ ఇవ్వరు.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. కార్పొరేట్ ఫైనాన్స్ అంటే షేర్ మార్కెట్ కాదు. కంపెనీ డబ్బును ఎందులో పెట్టాలి, ఆ డబ్బును అప్పుగా తేవాలా వాటాలు అమ్మి తేవాలా, వచ్చిన లాభంలో వాటాదారులకు ఎంత ఇచ్చి ఎంత అట్టిపెట్టుకోవాలి, రోజువారీ బిల్లులకు నగదు సరిపోతుందా అన్నవి దాని ప్రశ్నలు. ఇవి కంపెనీ లోపలి కుర్చీలో కూర్చున్నవాళ్ల తలనొప్పులు. అదే కంపెనీని బయటి కుర్చీలోంచి చూసి, దీని షేరు కొనాలా వద్దా అని తేల్చేది వేరే ఉద్యోగం. రెండింటికీ పుస్తకాలు చాలావరకు ఒకటే కాబట్టి చదివేటప్పుడు తేడా తెలియదు, ఉద్యోగంలో చేరాక తెలుస్తుంది.

సీఎఫ్‌ఏ పుట్టిందే ఆ బయటి కుర్చీ కోసం. 1963లో మొదలైన ఈ పరీక్ష పెట్టుబడి విశ్లేషకుల కోసం తయారైంది. మొత్తం మూడు లెవెల్స్. మొదటి లెవెల్‌లో 180 బహుళైచ్ఛిక ప్రశ్నలుంటాయి. ఒక్కో లెవెల్‌కు దాదాపు 300 గంటల చదువు పడుతుందని పరీక్ష పెట్టేవాళ్లే చెబుతారు. ఇటీవలి ఏళ్లలో మొదటి లెవెల్ రాసినవాళ్లలో సగానికి పైగా తప్పుతున్నారు, కాబట్టి ఆ 300 గంటలు ఉత్తినే భయపెట్టడానికి చెప్పిన మాట కాదు. మూడూ పాసైనా పేరు పక్కన ఆ అక్షరాలు పెట్టుకోవాలంటే కనీసం 36 నెలల కాలంలో చేసిన 4,000 గంటల పని అనుభవం కూడా చూపించాలి.

అంత కష్టంలో కార్పొరేట్ ఫైనాన్స్ వాటా ఎంత? మొదటి లెవెల్‌లో ఆ పేపరుకు 6 నుంచి 9 శాతం. నీతి నియమావళికి మాత్రం 15 నుంచి 20 శాతం. మిగతాదాంట్లో ఎక్కువ భాగం షేర్లు, బాండ్లు, డెరివేటివ్స్ (వేరే ఆస్తి ధరను బట్టి విలువ మారే ఒప్పందాలు), పోర్ట్‌ఫోలియో, ఆర్థిక నివేదికల విశ్లేషణ. అలాగని సీఎఫ్‌ఏను తక్కువ చేయట్లేదు. బ్యాలెన్స్ షీట్ చదవడం అది నేర్పినంత గట్టిగా చాలా యూనివర్సిటీలు నేర్పవు. ఉద్యోగం మానకుండా, ఊరు మారకుండా చదువుకోవచ్చు. కానీ కంపెనీ ట్రెజరీలో, అంటే నగదు, అప్పులు చూసే విభాగంలో, పని చేయాలనుకునేవాడు సీఎఫ్‌ఏకు ఏళ్లు పోయడమంటే, వంట నేర్చుకోవడానికి భోజనాల సమీక్షకుడి దగ్గర చేరడమే. రుచి తెలుస్తుంది గానీ పొయ్యి వెలిగించడం రాదు.

ఇక యూనివర్సిటీ చదువు. ఎమ్మెస్సీ ఫైనాన్స్ సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్లు. ముందస్తు ఉద్యోగ అనుభవం అడగని కోర్సులే ఎక్కువ. దీని బలం థియరీ. థియరీ అనగానే మొహం చిట్లించేవాళ్లుంటారు, నేనూ చిట్లించాను. కానీ ఒక్క ఉదాహరణ చూడండి.

1958లో ఫ్రాంకో మోదిగ్లియానీ, మెర్టన్ మిల్లర్ అనే ఆర్థికవేత్తలు ఒక వ్యాసం రాశారు. పన్నులు, దివాలా ఖర్చుల్లాంటివేమీ లేని మార్కెట్లో కంపెనీ అప్పు ఎంత తెచ్చుకుంది, వాటాల ద్వారా ఎంత తెచ్చుకుంది అన్నదాంతో దాని విలువ మారదన్నది దాని సారం. మొదటిసారి వింటే నవ్వొస్తుంది. అలాంటి మార్కెట్ ఎక్కడుంది? అసలు విషయం అక్కడే ఉంది. అప్పు వల్ల విలువ మారుతోందంటే ఆ జాబితాలో ఏదో ఒకటి తేడా వచ్చిందన్నమాట, ఏదో వెతుక్కోవచ్చు. 1963లో వాళ్లే పన్నును లెక్కలోకి తెచ్చారు. వడ్డీ మీద పన్ను మినహాయింపు ఉంటుంది కాబట్టి అప్పు లాభమని తేలింది. 1976లో జెన్సెన్, మెక్లింగ్ యజమానికీ మేనేజరుకీ మధ్య ప్రయోజనాల పేచీని తెచ్చారు. 1984లో మైయర్స్, మజ్లుఫ్ ఇంకో ముడి విప్పారు. కంపెనీ గురించి బయటివాళ్ల కంటే మేనేజర్లకు ఎక్కువ తెలుసు. అందుకే కొత్త వాటాలు అమ్ముతున్నారనగానే "వీళ్లకే నమ్మకం లేదేమో, రేటు బాగున్నప్పుడు వదిలించుకుంటున్నారేమో" అని మార్కెట్ అనుమానిస్తుంది, షేరు ధర తగ్గుతుంది. అందుకే కంపెనీలు ముందు సొంత లాభాలు, తర్వాత అప్పు, ఆఖరుకు కొత్త వాటాలు అనే వరస పాటిస్తాయన్నది వాళ్ల వాదన.

ఇవన్నీ సీఎఫ్‌ఏ పుస్తకాల్లోనూ ఉంటాయి, మూడు ఆప్షన్లలో ఒకటి గుర్తించడానికి సరిపడా. యూనివర్సిటీలో అయితే ఒక నిజమైన కంపెనీ నివేదిక ముందేసుకుని, ఇది ఎందుకు అప్పు తెచ్చుకుందో మూడు పేజీలు రాయాలి, రాసింది నలుగురి ముందు నిలబెట్టుకోవాలి.

నా డిసర్టేషన్‌లో ఒక కంపెనీకి విలువ కట్టాను. వచ్చే ఏడాది క్యాష్ ఫ్లో 100, డిస్కౌంట్ రేటు 10 శాతం, అక్కణ్ణుంచి శాశ్వతంగా ఏటా 4 శాతం పెరుగుదల అనుకుంటే విలువ 1,667. గైడ్ మేడమ్ ఆ 4 చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టారు. ఎక్కడిదని అడిగితే గత ఐదేళ్ల సగటన్నాను. "శాశ్వతంగా అంటే ఎంతకాలమో ఆలోచించావా? దేశ ఆర్థిక వ్యవస్థ కంటే వేగంగా ఎప్పటికీ పెరుగుతూ పోతే చివరికి దేశం కంటే కంపెనీయే పెద్దదవుతుంది" అన్నారు. 3 పెట్టి చూస్తే విలువ 1,429కి దిగింది. ఒక్క అంకె మార్చినందుకు దాదాపు 240 గల్లంతు! ఆ సాయంత్రం స్ప్రెడ్‌షీట్ మొత్తం మళ్లీ తెరిచి, చేత్తో టైప్ చేసిన ప్రతి అంకెకూ పసుపు రంగు వేశాను. 31 తేలాయి. వాటిలో సమాధానం చెప్పగలిగినవి పదకొండే. యూనివర్సిటీ ఫీజు దేనికి కట్టానో నాకు ఆ సాయంత్రమే అర్థమైంది.

ఎమ్మెస్సీలో గోతులు లేవా అంటే ఉన్నాయి. ఫైనాన్స్ అనే పేరుతో ఉన్న కొన్ని కోర్సుల్లో చాలావరకు డెరివేటివ్స్, ఎకనామెట్రిక్స్ (గణాంకాలతో చేసే ఆర్థిక విశ్లేషణ) నిండిపోయి, కార్పొరేట్ ఫైనాన్స్ ఒకే ఒక్క పేపరుగా మిగిలిపోతుంది. ఇంకోటి, థియరీ తలకెక్కినవాళ్లకు ఆఫీసులో షాక్ తగులుతుంది. గ్రాహమ్, హార్వీ 2001లో ప్రచురించిన సర్వేలో 392 మంది సీఎఫ్‌ఓలు, అంటే కంపెనీల ఫైనాన్స్ విభాగాల అధిపతులు, పాల్గొన్నారు. ఎన్‌పీవీని దాదాపు ఎప్పుడూ వాడతామన్నవాళ్లు నాలుగింట మూడొంతుల మంది. బాగానే ఉంది. కానీ పెట్టిన డబ్బు ఎన్నేళ్లకు తిరిగొస్తుందో మాత్రమే చూసే పేబ్యాక్ పద్ధతిని కూడా వాడతామని సగానికి పైగా చెప్పారు. కాలంతో డబ్బు విలువ మారుతుందన్న సంగతినే పట్టించుకోదని మా పుస్తకాలు తిట్టిపోసే పద్ధతి అది! నగదుకు కటకటగా ఉన్న కంపెనీలో కూర్చుంటే, డబ్బు త్వరగా తిరిగి రావాలనే ఆరాటం ఎందుకో అర్థమవుతుంది.

నగదు అన్నాను కాబట్టి ఈ లెక్క కూడా చూడండి. ఒక కంపెనీ నెలకు 100 సరుకు అమ్ముతుంది. దానికి ఖర్చు 70, అది నెల తర్వాత కట్టాలి. కొన్నవాళ్లు డబ్బులిచ్చేది మూడు నెలలకు. అమ్మకాలు నిలకడగా ఉంటే నెలకు 30 మిగులుతుంది. ఒక నెల నుంచి అమ్మకాలు రెట్టింపయ్యాయి, అందరూ చప్పట్లు కొట్టారు. మరుసటి నెల కట్టాల్సింది 140, వసూలయ్యేది పాత 100. 40 లోటు. ఆపై నెలా అంతే. లాభం రెట్టింపైన కంపెనీకి రెండు నెలలు జీతాలకు టెన్షన్. ఈ వర్కింగ్ క్యాపిటల్ గొడవ సీఎఫ్‌ఏలో ఒక చిన్న భాగం, చాలా ఎమ్మెస్సీల్లో ఒకటి రెండు వారాల పాఠం. ట్రెజరీ ఉద్యోగంలో మాత్రం పొద్దున్న లేస్తే అదే పని.

దీన్ని బాగా పట్టించుకునేది ఎవరూ పెద్దగా తలవని నాలుగో దారి, మేనేజ్‌మెంట్ అకౌంటెంట్ల సీఎంఏ పరీక్ష. అమెరికా సంస్థ ఐఎంఏ పెట్టే దాంట్లో రెండే భాగాలు. ఒకదాంట్లో బడ్జెట్లు, ఖర్చుల నియంత్రణ, రెండోదాంట్లో కార్పొరేట్ ఫైనాన్స్, పెట్టుబడి నిర్ణయాలు ఉంటాయి. ఇప్పటికే ఏదో ఒక కంపెనీ ఫైనాన్స్ విభాగంలో ఉండి, చదువు కోసం ఉద్యోగం వదులుకోలేనివాళ్లు సీఎఫ్‌ఏ కంటే ముందు దీన్ని చూడాలని నా అభిప్రాయం. పేరులో మెరుపు తక్కువే, ఒప్పుకుంటాను.

ఎంబీఏ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మొదటి ఏడాది కార్పొరేట్ ఫైనాన్స్ ఒకటో రెండో పేపర్లు, తర్వాత ఎంచుకున్నవాళ్లకు మరికొన్ని. లోతు కావాలనుకుంటే ఇది చుట్టుదారి. కానీ కేస్ చర్చల్లో పక్కన మార్కెటింగ్ మనిషి, అవతల ఇంజనీరు కూర్చుంటారు. వాళ్ల ప్రాజెక్టు ఎన్‌పీవీ ఎందుకు మైనస్‌లో ఉందో, వాళ్లు అలగకుండా చెప్పడం అక్కడే వస్తుంది. మూడు నాలుగేళ్లు ఉద్యోగం చేసి, విభాగం నడపాలనో రంగం మారాలనో అనుకునేవాళ్లకు బాగుంటుంది. డిగ్రీ అయిన మర్నాడే చేరితే ఆ చర్చల్లో మీరు చెప్పడానికి ఏమీ ఉండదు, వినడమే.

కాబట్టి డిగ్రీ అవగానే లోపలి కుర్చీ కావాలనుకునేవాళ్లకు నేను ఎమ్మెస్సీయే చెబుతాను. విలువ కట్టడం, విలీనాలు, ట్రెజరీ, వర్కింగ్ క్యాపిటల్ సిలబస్‌లో వేరువేరు పేపర్లుగా కనబడితేనే సుమా. సీఎఫ్‌ఏ సిలబస్‌లో ఎక్కువ భాగాన్ని తమ కోర్సులో కలిపేసుకున్న యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. అలాంటిదైతే చదువుతుండగానే మొదటి లెవెల్ రాసేయొచ్చు, కష్టం రెట్టింపు కాదు. బయటి కుర్చీయే ఇష్టమైతే, పాఠం చెప్పే మనిషి లేకున్నా చదవగల మొండితనం ఉంటే, నేరుగా సీఎఫ్‌ఏకు పోవడమే మంచిది. మూడూ చేసేస్తానంటూ జాబితా రాసుకున్నవాళ్లను కూడా చూశాను. వాళ్లకు చదవడం ఇష్టమో, ఉద్యోగమంటే భయమో అర్థం కాదు.

యూనివర్సిటీకి అప్లై చేసేముందు ర్యాంకులు చూడండి, కాదనను. దాంతోపాటు అక్కడ చదువుతున్నవాళ్లు ఎవరైనా దొరికితే ఒక్క మాట అడగండి: మీరు చేసిన వాల్యుయేషన్ అసైన్‌మెంట్ తిరిగి చేతికొచ్చినప్పుడు దాని మీద మార్కులు మాత్రమే ఉన్నాయా, ఎర్రపెన్ను గీతలు కూడా ఉన్నాయా?