గోడలో రావి మొక్క: మందు పూయించి మూడు వానాకాలాలు చూశాక

ముందే చెప్పేస్తాను, కోసిన మోడుకి మందు పూయించడం పనిచేసింది. అయిదుకి నాలుగు మార్కులు వేస్తాను.

మాది విజయనగరంలో కోటకి దగ్గర్లో పాత సున్నపు గోడల ఇల్లు. 2014లో హుద్‌హుద్ తుపానుకి డాబా పిట్టగోడ బీటలిచ్చింది. రావిపళ్లు తిన్న గోరింకలు, కాకులు అక్కడే వాలతాయి. రెట్టలో ఉన్న గింజ చెమ్మగా ఉన్న పగుల్లో పడితే చాలు, మొలిచేస్తుంది. పైకి కనిపించేది మోకాలెత్తు మొక్కే. వేరు మాత్రం గోడ మందంలోంచి దిగి సామాన్ల గదిలో అటక పక్కన బయటపడింది. ఏటా కొడవలితో కోయించేవాళ్లం, వానలు పడగానే రెట్టింపు పిలకలు వచ్చేవి. కోతకి ఆకు పోతుంది గానీ, లోపల వేరు లావెక్కుతూ ఇటుకల్ని తోస్తూనే ఉంటుంది.

తాపీమేస్త్రి యాసిడ్ పోద్దామన్నాడు, వద్దన్నాను. యాసిడ్ సున్నాన్ని తినేస్తుంది. వేరు చావకముందే గోడ గుల్లవుతుంది. రాళ్ల ఉప్పు దట్టించమనేవాళ్లూ ఉన్నారు. ఉప్పు గోడలోకి దిగితే చెమ్మ పీల్చుకుంటూనే ఉంటుంది, ఎన్నిసార్లు వెల్ల వేసినా పొరలుగా రాలిపోతుంది. మా వీధిలో అలాంటి గోడ ఒకటి ఉంది, వెళ్లి చూడొచ్చు.

మేం వాడించింది గ్లైఫోసేట్ అనే కలుపుమందు. దీన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని 2022 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అందుకని సొంతంగా కొని పోయకుండా ఆపరేటర్‌నే పిలిచాం. వానలు తగ్గి, ఆకు ముదిరాక చేస్తే మొక్క ఆహారంతోపాటు మందూ వేరులోకి దిగుతుందని, కొత్త చిగురు వేసేటప్పుడు పూస్తే కిందికి సరిగా పోదని అతను చెప్పాడు. లెక్క చూస్తే కార్తీకమాసం వచ్చింది. ఇంక అమ్మ ఊరుకుంటుందా?

"కార్తీకంలో రావి మీద కత్తేటిరా? పోలిని స్వర్గానికి పంపాక ఏం చేసుకుంటారో చేసుకోండి" అంది.

పోలి పాడ్యమి దాకా ఆగాం. దానివల్ల నష్టమేమీ జరగలేదు, ఆకు ఇంకా పచ్చగానే ఉంది. పక్కనే వేలెడంత ఉన్న ఇంకో మొలకని అమ్మ కుండీలోకి మార్పించింది. తర్వాత అది గుడి ఆవరణకి చేరింది.

పని జరిగింది కొద్ది నిమిషాలే. రంపంతో గోడ దగ్గరకంటా కోసి, పాలు తుడిచి, కోసిన చోటు ఆరకముందే బ్రష్‌తో మందు పూశాడు. ఆరితే మందు లోపలికి లాగదట. పిచికారీ కాదు కాబట్టి కింద ఉన్న మందారానికి ఏమీ కాలేదు. ఈ మందుని మొక్క మొదట్లో మట్టిలో పోస్తే ఉపయోగం లేదు, మట్టికే అంటుకుపోతుంది.

వేసవికి మోడు ఎండి, గీరితే లోపల గోధుమరంగు కనిపించింది. వేరుని మాత్రం పీకించలేదు. పీకితే దాంతోపాటు ఇటుకలూ వస్తాయి. బయటికి ఉన్నంతవరకు కోయించి, పగుళ్లని సున్నం, సుర్కీ (ఇటుక పొడి) కలిపిన అడుసుతో పూడ్పించాం. మేస్త్రి సిమెంటే అన్నాడు. పాత సున్నపు గోడకి సిమెంటు అతుకు వేస్తే కొన్నాళ్లకి అంచు వెంట సందు వస్తుంది, మళ్లీ గింజకి చోటు దొరికినట్టే. సున్నం పని తెలిసిన మనిషిని వెతకడమే ఈ మొత్తంలో అన్నిటికన్నా కష్టమైన పని. ఖర్చు కూడా మందుకన్నా దానికే ఎక్కువైంది.

ఒక మార్కు తగ్గించింది ఇందుకు: మరుసటి వానాకాలం సామాన్ల గది వైపు వేరు నుంచి పిలక వచ్చింది. ఆకులు సన్నగా, పాలిపోయి, ముడుచుకుని ఉన్నాయి. మందు అక్కడిదాకా వెళ్లింది గానీ చాలలేదన్నమాట. ఆపరేటర్ వచ్చి దాన్నీ కోసి పూశాడు. ఆ తర్వాత ఆ వేరు నుంచి ఏమీ రాలేదు.

కొత్త గింజలు పడకుండా ఏ మందూ ఆపలేదు. తొలకరి తర్వాత ఒకసారి, సిరిమానోత్సవానికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి డాబా ఎక్కి చూస్తాం. రెండాకుల మీద ఉంటే చేత్తోనే వచ్చేస్తుంది. కారుతున్న వాననీటి గొట్టం బాగు చేయించాక అవి కూడా తగ్గాయి. మీ ఇంట్లో బీట ద్వారబంధం దాకా పాకితే మాత్రం మందు సంగతి తర్వాత, ముందు ఇంజనీరుకి చూపించండి.