24 గంటలంటే 15 గంటలట!

శ్రీకాకుళంలో మేం దిగిన లాడ్జి పేరు రాయను గానీ, రిసెప్షన్ గోడ మీద ఎర్రక్షరాలతో ‘24 గంటల చెకౌట్’ అని రాసి ఉంటుంది. డిసెంబరులో ఒక శుక్రవారం సాయంత్రం ఆరింటికి దిగాం. ఏసీ రూము రోజుకు 1,900. మూడు రోజులకు 5,700 ముందే కట్టించుకున్నారు. సోమవారం సాయంత్రం ఆరు దాకా రూము మాదే, ఆ రాత్రే రైలు కాబట్టి లెక్క భలే కుదిరిందని మావారు మురిసిపోయారు. ఆ సోమవారం పొద్దున అరసవల్లి సూర్యుడి గుడికి వెళ్లి తొమ్మిది నలభైకి తిరిగొచ్చేసరికి మా తాళం మీద ఇంకో తాళం!

మేనేజరు పేపర్లోంచి తల ఎత్తకుండానే చెప్పాడు, చెకౌట్ తొమ్మిదింటికని. మరి ఆ బోర్డేమిటంటే, ఆఫీసు 24 గంటలూ తెరిచి ఉంటుందని దానర్థమట. “అయితే మొదటి రోజు మాకిచ్చింది 15 గంటలేగా” అన్నాడు మా పదో తరగతి పుత్రరత్నం. లెక్కల్లో వాడికి మార్కులెందుకు రావో నాకర్థం కాదు. మేనేజరేమో అర రోజు అద్దె 950 కడితేనే సామాను తియ్యనిస్తానన్నాడు. అత్తయ్య ప్రసాదం పొట్లం ఒళ్లో పెట్టుకుని మెట్ల మీదే కూలబడ్డారు. ఏం చేస్తాం, కట్టాం. మావారు పట్టుబట్టి బిల్లు రాయిస్తే అందులో ‘సర్వీసు ఛార్జీ’ అని రాశాడు.

ఏం సర్వీసో! మూడు రోజులూ గీజరు పని చెయ్యలేదు. బకెట్టు వేడినీళ్లకు 30 రూపాయలు. అత్తయ్యది ఐదింటి స్నానం, నీళ్లు తెచ్చే కుర్రాడేమో ఆరు కొడితే గానీ లేవడు. డిసెంబరు చలిలో ఆవిడ చన్నీళ్లే పోసుకుని, ఆ కోపమంతా నా మీద చూపించారు. ఆ రూము చూసింది నేనే కదా మరి! మీరెవరైనా వెళ్తే ఏ రోజు డబ్బు ఆ రోజే కట్టండి. చెకౌట్ టైము రసీదు మీద రాయించుకోండి.

తిరగడం మాత్రం హాయిగా సాగింది. కారుకు రోజుకు 3,000, డీజిలుతో కలిపి. శనివారం శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం చూశాం. శ్రీకూర్మంలో తాబేలు రూపంలోని విష్ణువు పడమటి ముఖంగా ఉంటాడు, రెండు ధ్వజస్తంభాలు. గుడి వెనక నక్షత్ర తాబేళ్లను చూశాక మావాడు ఫోను జేబులో పెట్టాడు. శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాల దగ్గర నిలబడితే కింద వంశధార నది. కళింగపట్నంలో 150కి చేపల భోజనం దొరికింది. శనివారం కదా, అత్తయ్య పెరుగన్నంతో సరిపెట్టుకుని మావారి ప్లేటు వంక చూడకుండా సముద్రం చూస్తూ కూర్చున్నారు.

ఆదివారం అరసవల్లి వెళ్దామంటే డ్రైవరు ఒప్పుకోలేదు. “ఏటి సారూ, ఆదివారం ఎల్తే మద్దేన్నం దాకా లైన్లోనే ఉంటారు.” సూర్యుడి గుడికి ఆదివారమే జనమంతా వస్తారని మాకు తట్టనే లేదు. అతని మాట విని తేలినీలాపురం పక్షులనీ శ్రీముఖలింగం శివాలయాన్నీ చూసొచ్చాం. తేలినీలాపురంలో ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే కొంగలు, పెలికాన్‌లు. కిందంతా రెట్టే, గొడుగు తీసుకెళ్లండి.

ఇక సోమవారం. లాడ్జివాడు గెంటేశాడు, రైలేమో రాత్రి ఏడింటికి. రైలెక్కాల్సిన ఆమదాలవలస స్టేషన్లో అంతసేపు ఏం కూర్చుంటామని డ్రైవరు ఖద్దరు నేసే పొందూరు తీసుకెళ్లాడు, 1,200 అదనంగా. మా జాబితాలో లేని ఊరు. మేం ఎక్కువసేపు ఉన్నదీ అక్కడే.

ఒక ఇంటి వరండాలో పెద్దామె కాళ్లు చాపుకుని కొండపత్తి (ఇక్కడి నాటు పత్తి) దువ్వుతోంది. దువ్వెన ఏమిటనుకున్నారు? వాలుగ చేప దవడ! వాడగా వాడగా పసుపు తేలింది, పళ్లు సూది మొనల్లా ఉన్నాయి. గింజకు అంటుకున్న దూదిని దాంతో గీరుతుంటే నలకలు రాలి, పోగులన్నీ ఒకే వైపు తిరుగుతున్నాయి. అలా శుభ్రం చేసిన దూదిని ఏకులుగా చుట్టి, ఎండిన అరటి దొప్పలో దాచుకుని రాట్నం మీద వడుకుతారు. ఆ దారం వెలుతురుకు అడ్డం పెడితే గానీ కనబడలేదు.

పొద్దున్నుంచి మూతి ముడుచుకున్న అత్తయ్య వెళ్లి ఆమె పక్కన చతికిలబడ్డారు. “ఒకసారి నన్ను దారం తియ్యనిస్తావా?” ఏడుసార్లు తీశారు, ఏడుసార్లూ తెగింది. “మొదట్లో అందరికీ తెగిపోద్దమ్మా” అని ఆమె తెగిన పోగును వేళ్ల మధ్య నలిపి అతికించింది. రోజంతా వడికితే ఎంతొస్తుందని అడిగాను. మేం పొద్దున కట్టిన ‘సర్వీసు ఛార్జీ’లో పావు వంతు కూడా లేదు. మావారు బిల్లు తీసి చూసుకుని మళ్లీ పర్సులో పెట్టేశారు.

చొక్కా గుడ్డ రెండున్నర మీటర్లు 2,150కి కొన్నాం. బేరం ఆడలేదు, నాకు నోరు రాలేదు. మీరు కొనేటప్పుడు మాత్రం ఇది చేప దవడతో దువ్విన కొండపత్తేనా, మామూలు ఖద్దరా అని అడిగి కొనండి. రెండూ ఉంటాయి, ధరలో చాలా తేడా.

లేచొచ్చేటప్పుడు అత్తయ్య నాలుగు పత్తి గింజలు అడిగి తీసుకుని కొంగున ముడేసుకున్నారు. విజయవాడలో కుండీలో వేస్తే రెండు మొలిచాయి. ఇప్పుడు ఐదింటి స్నానం కాగానే వాటికి నీళ్లు పోస్తున్నారు, చన్నీళ్లే.