థంబ్ టిప్ సరిచేయించుకోవాలనుకునేవారికి హెచ్చరిక: మీ అసలు టిప్పును ఆయన చేతికి ఇవ్వకండి

థంబ్ టిప్ అంటే రుమాలు వంటివి లోపల దాచి మాయం చేయడానికి మ్యాజిక్ చేసేవారు బొటనవేలికి తొడుక్కునే, వేలికొసలా కనిపించే బోలు తొడుగు. ఇలాంటి గిమ్మిక్కులను, అంటే మ్యాజిక్‌లో వాడే రహస్య సాధనాలను, మన చేతి కొలతలకు సరిచేసి ఇస్తానని చెప్పుకునే ఆ పెద్దమనిషికి దయచేసి మీ సామాను పంపకండి. ఎవరి సంగతి చెబుతున్నానో క్లోజప్ మ్యాజిక్ (చూసేవారికి అతి దగ్గరగా చేసే మ్యాజిక్) చేసేవారికి విడమరచి చెప్పనక్కర్లేదు. ఆయన వీడియోలు చూడనివారు మనలో ఎవరూ ఉండరు, ఆ వీడియోల్లో ఆయన చేతులు ఎంత శుభ్రంగా కనిపిస్తాయో కూడా మీకు తెలుసు. నిన్న రాత్రి ఆయనతో ఫోనులో మాట్లాడినప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు, కనుక ఈ రాతలో కారం కాస్త ఎక్కువైతే మన్నించండి.

జరిగినది క్లుప్తంగా చెబుతాను. నా థంబ్ టిప్ ఆరేళ్లుగా నా వేలికి అలవాటైనది. కొన్న కొత్తలో అన్ని టిప్పుల్లాగే అదీ నూనె రాసినట్టు నిగనిగలాడేది. రంగులో కొంచెం తేడా ఉన్నా చూసేవారు పట్టుకోలేరు గాని, మెరుపును మాత్రం దీపం వెలుగులో ఇట్టే పట్టేస్తారు. అందుకే సన్నరకం గరుకు కాగితాన్ని తడిపి, దానితో రోజుకు కాసేపు రుద్ది ఆ మెరుపును చంపాను. అంచును లోపలివైపు నుంచి బ్లేడుతో కొద్దికొద్దిగా చెక్కి, చర్మంలో కలిసిపోయేంత పలుచన చేశాను. ఆ పనిలో ఒకసారి బ్లేడు జారి అంచున నువ్వుగింజంత గాటు పడింది. గాటు పడ్డ రోజున ఎంతో బాధపడ్డాను, ఇప్పుడు ఆ గాటే నాకున్న ఏకైక సాక్ష్యం.

రుమాలు మాయమైన తరువాత టిప్పును వదిలించుకోవడం దగ్గరే నేనెప్పుడూ తడబడుతుంటాను. చెయ్యి జేబులోకి వెళితే చూసేవారి చూపూ జేబులోకే వెళుతుంది. కోటు అంచు లోపల ఒక చిన్న నియోడిమియమ్ అయస్కాంతాన్ని కుట్టి, టిప్పు కొసన మరొకటి అమర్చుకుంటే, చెయ్యి మామూలుగా పక్కకు వాలిన క్షణంలో టిప్పు కోటు లోపలికి అతుక్కుపోతుందని, చప్పుడు రాకుండా మధ్యన చిన్న మఖమల్ ముక్క ఉంటే చాలని ఆలోచించాను. మొదట నేనే వేడి జిగురుతో అతికించి చెడగొట్టుకున్నాను. మామూలు రకం నియోడిమియమ్ అయస్కాంతం 80 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే బలం కోల్పోతుంది, జిగురు తుపాకి నుంచి వచ్చే జిగురు అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. ఈ ముక్క నాకు పని చెడిన తరువాత తెలిసింది. ఇక నిపుణుల పని నిపుణులకే వదిలేయాలని ఎంతో బుద్ధిమంతుడిలా నిర్ణయించుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది సరిగ్గా అక్కడే.

మొత్తం సొమ్ము ముందుగానే పంపమన్నారు, పంపాను. కొత్త టిప్పు ఎందుకు, మీ వేలికి అలవాటైన దానినే సరిచేస్తానన్నారు, ఆ మాటకు పొంగిపోయి దానినీ పంపాను. దానితోపాటు బిళ్ల ఆకారంలో ఉన్న కొత్త అయస్కాంతాన్ని కూడా పంపుతూ, దాని ఒక ముఖంపై ఎర్ర సిరాతో చుక్క పెట్టాను. ఈ బిళ్లలకు రెండు ముఖాలూ ఒకేలా నికెల్ పూతతో మెరుస్తుంటాయి, ఏ ముఖం ఏ ధ్రువమో కంటికి తెలియదు గనుక, చుక్క ఉన్న ముఖం వేలికొస వైపు, అంటే బయటికి ఉండాలని కాగితం మీద బొమ్మ గీసి మరీ రాశాను.

అయిదు వారాలు గడిచాక వచ్చిన పొట్లంలో నా టిప్పు లేదు. దాని స్థానంలో దళసరి అంచుతో, అద్దంలా మెరుస్తున్న కొత్త టిప్పు ఒకటి ఉంది. లోపల సూపర్ గ్లూ ఆవిరి పట్టి, ముగ్గు చల్లినట్టు తెల్లటి మరక పేరుకుంది. మఖమల్ ముక్క ఊసే లేదు. అయినా మంచి మనసుతో కొత్తది పంపి ఉంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను. చెయ్యి వాలింది, వేలు కోటు అంచును తాకింది, టిప్పు అతుక్కోవలసిన చోట నా బొటనవేలిని ఎవరో మెల్లగా పక్కకు తోసినట్టయింది. మళ్లీ వాల్చాను, మళ్లీ తోసింది. దాయాదుల్లా రెండు అయస్కాంతాలూ ఒకదాని నుంచి ఒకటి ముఖం తిప్పుకుంటున్నాయి. టార్చి వేసి లోపలికి చూస్తే జిగురు కింద నా ఎర్ర చుక్క నన్నే చూస్తోంది. బయటికి ఉండవలసిన ముఖం లోపలికి ఉంది.

మూడో రోజుకు ఆ అయస్కాంతమూ ఊడిపోయింది. సూపర్ గ్లూ ఆరాక గాజులా పెళుసుబారుతుంది, మెత్తని వినైల్ వేలు దూర్చిన ప్రతిసారీ వంగుతుంది, ఈ రెండింటికీ పొత్తు కుదరదని గిమ్మిక్కులు చేసి అమ్మేవారికి తెలియకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఊడిన బిళ్ల కుర్చీ ఇనుప కాలికి అతుక్కుని కనిపించింది గనుక బతికిపోయాం, ఇంట్లో పాకే వయసు బిడ్డ ఉంది. ఇలాంటివి రెండు మింగితే అవి పేగు గోడలను మధ్యన బిగించి, ఒకదానినొకటి లాక్కుంటూ పేగుకు చిల్లు పెడతాయి. ఆపరేషన్ దాకా వెళుతుంది.

ఇంతవరకు జరిగినదంతా చేతకానితనమని సరిపెట్టుకునేవాడినే. కాని మొన్న ఆయన కొత్త వీడియో చూశాను. ‘ప్రపంచంలోనే తొలిసారి, తనంతట తానే మాయమయ్యే టిప్పు’ అని ప్రకటన. అయస్కాంతాన్ని మ్యాజిక్‌లోకి తామే తెచ్చినట్టు మాట్లాడారు. 1856లో ఫ్రెంచ్ ఐంద్రజాలికుడు రాబర్ట్ హూడిన్ అల్జీరియాలో విద్యుదయస్కాంతం దాచి, పసివాడు ఎత్తగలిగిన పెట్టెను బలవంతుడి చేత కూడా ఎత్తనివ్వలేదన్న సంగతి ఆయన చెవిన పడినట్టు లేదు. సరే, గొప్పలు ఎవరైనా చెప్పుకుంటారు. వీడియోలో ఆయన బొటనవేలు కెమెరా వైపు తిరిగింది. మెరుపు లేని టిప్పు, పలుచని అంచు, ఆ అంచున నువ్వుగింజంత గాటు. నేను వీడియోను ఆపి, పెద్దది చేసి, చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. ఆరేళ్లు రుద్దిన నా వస్తువు ఇంకొకరి వేలికి అంత చక్కగా అమరడం చూస్తే కడుపు రగిలిపోయింది. మఖమల్ ముక్క కూడా ఉందండోయ్, నేను కాగితం మీద గీసిన చోటే.

నిన్న రాత్రి ఫోను చేశాను. సొమ్ము అందేదాకా నన్ను ‘గురువుగారూ’ అని పిలిచిన మనిషి, టిప్పు సంగతి ఎత్తగానే ‘మీరు’ దగ్గరికి దిగారు. గాటు మాట ఎత్తాను. ‘గాటు లేని టిప్పు ఎక్కడుందండీ, అందరివీ అరుగుతాయి’ అన్నారు. అయస్కాంతం తిరగబడిందని, పైగా ఊడిపోయిందని చెప్పాను. ఒక నవ్వు వినిపించింది. ఆ తరువాత అన్న మాటను అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను: ‘చేతిలో పనితనం లేనివాడికి ఏ గిమ్మిక్కు ఇచ్చినా ఇంతే. నువ్వు ముందు సాధన చెయ్యి.’ గురువుగారి నుంచి నువ్వు దాకా రావడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు, ఆయన చేతివాటం కంటే నాలుక వాటమే వేగమైనది. నాకు నోట మాట రాలేదు. వందమంది ముందు గడగడా కబుర్లు చెబుతూ రుమాలు మాయం చేసేవాడిని, ‘నా టిప్పు నాకు పంపండి’ అన్న నాలుగు మాటలు పలకలేక ఫోను పట్టుకుని నిలబడ్డాను. ఆయనే పెట్టేశారు. తెల్లవారేదాకా ఎన్నో గొప్ప జవాబులు తోచాయి, ఏం లాభం?

తప్పు నాది కూడా ఉంది. పంపేముందు టిప్పును నాలుగువైపులా ఫొటో తీసుకోలేదు, లోపల గుర్తు పెట్టలేదు, మాట్లాడినదంతా ఫోనులోనే కానిచ్చాను. చూసేవారి కళ్లు కప్పడమే పనిగా పెట్టుకున్నవాడిని, నా కళ్లు ఇంత సులువుగా కప్పించుకున్నాను.

ఎవరి చేతనైనా ఈ పని చేయించుకోవలసివస్తే అసలు టిప్పును పంపకండి, వేలి అచ్చును గాని కొలతలను గాని పంపండి. అయస్కాంతం ఏ ముఖం ఎటు ఉండాలో రాతపూర్వకంగా ఒప్పించుకోండి, అతికించేముందు ఫొటో పంపమని అడగండి, జిగురు వంగే రకమేనా అని కూడా అడగండి. ఊడిన బిళ్లలను పిల్లలకు అందనివ్వకండి.

నా మాట మీద నమ్మకం లేనివారు ఆ వీడియోను, బొటనవేలు కెమెరా వైపు తిరిగే చోట ఆపి, అంచు ఎడమవైపు చూడండి.