పైలట్ స్టడీకి ఏ గ్రాంటు మేలు: 50 వేలదా, 2 కోట్లదా?

మొన్న రాత్రి మా కాలేజీ జూనియర్ ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఎస్‌పీఎంలో (ఊళ్ల ఆరోగ్యం చూసే కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంట్) అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి ఏడాది కూడా కాలేదు. "అక్కా, మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బు మీద చిన్న పైలట్, అదే పెద్ద స్టడీకి ముందు చేసే ట్రయల్ రన్ లాంటిది, చేద్దామనుకుంటున్నా. ఐసీఎంఆర్‌లో స్మాల్ గ్రాంట్ అని ఉందట కదా, దానికే పెట్టేయనా?" అంది. ఐసీఎంఆర్ అంటే ఢిల్లీలోని కేంద్ర వైద్య పరిశోధన మండలి. స్మాల్ అంటే ఎంతో చూశావా అన్నాను. చూడలేదు. 2 కోట్ల రూపాయల దాకా, మూడేళ్లు. ఢిల్లీ లెక్కలో అది చిన్నది మరి.

అరగంట సేపు ఫోన్లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఏడాదికి నలుగురైనా ఇదే అడుగుతారు, అందరూ ముందు చూసేది డబ్బు ఎంతొస్తుందనే. నన్నడిగితే ముందు చూడాల్సింది క్యాలెండర్. నీ ప్రశ్నకి జవాబు రావడానికి ఎన్ని నెలలు పడుతుంది, ఆ గ్రాంటు నీకు ఎన్ని నెలలిస్తుంది, ఈ రెండూ కలవకపోతే ఎంత డబ్బొచ్చినా తలనొప్పే.

ముందు అన్నిటికంటే చిన్నది, ఎస్‌టీఎస్, అంటే ఐసీఎంఆర్ వాళ్లు మెడికల్ స్టూడెంట్ల చిన్న రీసెర్చికి ఇచ్చే స్టైపెండ్. 1979 నుంచి ఉన్న స్కీము ఇది. ఎంబీబీఎస్, బీడీఎస్ పిల్లలు అప్లై చేస్తారు, మనం గైడ్‌గా ఉంటాం. ఇంటర్న్‌లకి, పీజీలకి లేదు. పని రెండు నెలలు, స్టైపెండ్ మొత్తం కలిపి 50 వేలు (ఇంతకుముందు 20 వేలే). ఆ డబ్బు కూడా రిపోర్టు ఇచ్చి, అది ఓకే అయ్యాక పిల్లల అకౌంట్లో పడుతుంది. అంటే కిట్లు, ఆటో చార్జీలు, జిరాక్సులు మన జేబులోంచో, డిపార్ట్‌మెంట్ మీదో. మరి దీన్ని గ్రాంటు అనడం ఎందుకంటే, ఇది డబ్బు కంటే విలువైనది ఒకటి ఇస్తుంది: ఊరూరా తిరగడానికి ఉత్సాహమున్న ఒక మనిషి, తప్పించుకోలేని ఒక గడువు. నాలాంటి బద్ధకస్తులకి ఆ గడువే సగం రీసెర్చి.

కానీ ఈ అమ్మాయి ప్రశ్న రెండు నెలల్లో ఇమడదు. క్రానిక్ (దీర్ఘకాలిక) కిడ్నీ డిసీజ్ అని పేరు పెట్టాలంటే పరీక్షల్లో కనిపించిన తేడా కనీసం మూడు నెలలు అలాగే ఉండాలి. ఈ రోజు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష) ఎక్కువొచ్చినాయన నిన్నంతా ఎండలో జీడితోటలో పనిచేసి నీళ్లు తాగకుండా వచ్చి ఉండొచ్చు, మోకాళ్ల నొప్పికి మాత్ర వేసుకుని ఉండొచ్చు. మూడు నెలల తర్వాత మళ్లీ తీస్తే గానీ తెలియదు. రెండు నెలల స్కీములో ఆ రెండో శాంపిల్‌కి చోటే లేదు. చాలా ఎస్‌టీఎస్ ప్రపోజల్స్ ఇలాగే దెబ్బతింటాయి, టైటిల్లో "ప్రివలెన్స్" (జబ్బు ఎంతమందికి ఉందనే లెక్క) అని పెద్ద మాట పెట్టి లోపల ఒక్కసారి తీసిన రక్తం చూపిస్తారు.

అందుకని ప్రశ్న మార్చమన్నాను. జబ్బు ఎంతమందికి ఉంది అన్నది పైలట్ తేల్చే సంగతి కాదు, ఆ సైజుకి అది తేలదు కూడా. పైలట్ తేల్చాల్సింది వేరే. పిలిస్తే ఎంతమంది వస్తారు? తెల్లారకముందే తోటకి పోయేవాళ్లని ఏ వేళకి పట్టుకోవాలి? ఇప్పటికే ఇన్నేళ్లుగా ఎవరెవరో వచ్చి రక్తం తీసుకెళ్లారు, ఫలితం చెప్పినవాళ్లు లేరు అని విసుగెత్తిన ఊళ్లో సమ్మతి పత్రం మీద సంతకం పెట్టనన్నవాళ్లు నూటికి ఎందరు? ఉద్దానంలోని కవిటిలో తీసిన రక్తం శ్రీకాకుళం ల్యాబ్‌కి రెండు గంటల పైన ప్రయాణం చేసి పాడవకుండా చేరుతుందా, లేక అక్కడే సెంట్రిఫ్యూజ్ (రక్తాన్ని తిప్పి సీరం వేరుచేసే మెషిన్) పెట్టుకోవాలా? ఇవన్నీ రెండు నెలల్లో తేలే ప్రశ్నలు, రేపు పెద్ద గ్రాంటు రాసేటప్పుడు కూడా పనికొచ్చేవి ఇవే.

కాదు, మూడు నెలల తర్వాత మళ్లీ తీసి తీరాల్సిందే అంటే పీజీ థీసిస్ దారి మేలు. థీసిస్‌కి కూడా ఐసీఎంఆర్ ఆర్థిక సహాయం ఉంది. పీజీ ఎలాగూ మూడేళ్లు ఉంటారు, థీసిస్ ఎలాగూ చెయ్యాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఎలాగూ తీసుకోవాలి. చిక్కేంటంటే యూనివర్సిటీకి ఒకసారి టైటిల్ వెళ్లాక ప్రశ్న మార్చడం కష్టం, పైలట్ అంటేనే మధ్యలో మార్చుకోవడం కదా. ఇంకో చిక్కు, పరీక్షలైపోగానే పీజీ వెళ్లిపోతారు, డేటా ఆ పీజీ పెన్‌డ్రైవ్‌తో పాటే వెళ్లిపోతుంది. మొదటి నెలలోనే ఒక కాపీ తీసి దగ్గర పెట్టుకోండి.

ఇక ఆ 2 కోట్లది. ప్రపోజల్ రాయడానికే నాలుగైదు నెలలు పోతాయి, రాశాక రివ్యూలో మొదటి ప్రశ్న "ప్రిలిమినరీ డేటా ఏది?" పైలట్ చెయ్యడానికి డబ్బు అడిగితే పైలట్ చూపించమంటారు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, అదీ కథ. వచ్చినా మొదటి ఏడాది స్టాఫ్‌ని పెట్టుకోవడం, బ్యాంకు ఖాతా, కొనుగోళ్లు, వీటికే సరిపోతుంది. నా అనుభవం ఒకటి. ఇంతకంటే చాలా చిన్న గ్రాంటే, మొదటి విడత ఫిబ్రవరి చివర్లో కాలేజీ ఖాతాలో పడింది. మార్చి 31 లోపు ఖర్చు చూపించాలి. కిట్ల బిల్లు పట్టుకెళ్తే సెక్షన్ సూపరింటెండెంట్ గారు కళ్లజోడు పైకి నెట్టి, "మేడమ్, కొటేషన్లు మూడుండాలి కదండీ, ఒకటే పెట్టారేంటి?" అన్నారు. ఆయన తప్పేం లేదు, రూలు అదే. మిగతా రెండూ వచ్చేసరికి ఏప్రిల్ అయింది. ఖర్చవ్వని డబ్బుకి వివరణ, డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ (ప్రభుత్వ జీఎఫ్ఆర్ 12-ఏ ఫారంలో), దానిమీద సంతకాలు, అది వెళ్లకపోతే రెండో విడత రాదు. ఆ ఏడాది నేను ఊళ్లో తిరిగిన రోజుల కంటే ఆ సెక్షన్ బయట బెంచీ మీద కూర్చున్న రోజులే ఎక్కువ.

బయోటెక్ స్టార్టప్‌లకి సాయం చేసే కేంద్ర సంస్థ బైరాక్ వాళ్ల బిగ్ గ్రాంటు గురించి కూడా అడిగింది. 50 లక్షల దాకా, 18 నెలలు, జనవరి 1న ఒకసారి, జులై 1న ఒకసారి పిలుస్తారు. బాగుంటుంది, కానీ అది ప్రొడక్టు తయారుచేసేవాళ్లకి. ఊళ్లోనే క్రియాటినిన్ చూసే చిన్న పరికరం ఐడియా ఉంటే హైదరాబాద్‌లో ఐకేపీ నాలెడ్జ్ పార్క్ వాళ్లని (బిగ్ గ్రాంటులో బైరాక్ భాగస్వామి) కలవొచ్చు. సర్వేకి కాదు.

"అమెరికాలో ఉన్న మా బాబాయి డాలర్లు పంపుతానంటున్నాడు, అదే తేలిక కదా" అని చివర్లో అంది. తేలిక కాదు తల్లీ. బాబాయి అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ డబ్బే, విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ ఉంటుంది, హెల్త్ రీసెర్చికి విదేశీ నిధులంటే హెచ్ఎంఎస్‌సీ అనే కేంద్ర స్క్రీనింగ్ కమిటీ అనుమతి ఉంటుంది. ఆ డబ్బుతో బాబాయిని ఊళ్లో ఆర్వో ప్లాంటు పెట్టించమను.

కాబట్టి నా ఓటు ఎస్‌టీఎస్‌కే, ఖర్చు జేబులోంచి పోయినా సరే. కిట్ల విషయంలో జాగ్రత్త పడితే చాలు. యూరిన్ స్ట్రిప్పుల డబ్బా మూత ఒకసారి తీశాక సముద్రపు గాలికి చెమ్మ పట్టి రంగులు తప్పు చూపిస్తాయి, వంద స్ట్రిప్పుల పెద్ద డబ్బా ఒక్కటి కొనకుండా చిన్న డబ్బాలు నాలుగు కొనుక్కోవాలి. ఇంకో సంగతి, తాగునీళ్ల గురించి అడిగి ఊరుకుంటే అబ్జర్వేషనల్ (కేవలం చూసి రాసుకునే) స్టడీ. అదే "రోజుకిన్ని గ్లాసులు తాగండి" అని కొందరికి చెప్పి తేడా చూస్తే అది ట్రయల్, మొదటి మనిషిని చేర్చుకోకముందే ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో రిజిస్టర్ చెయ్యాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి తర్వాత చేస్తామంటే కుదరట్లేదు.

ఇవన్నీ విని, "అయితే రేపు ఏం చెయ్యను ముందు?" అంది. మీ ఎథిక్స్ కమిటీ మీటింగ్ ఎప్పుడో కనుక్కో, ఆ కమిటీకి కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం డీహెచ్‌ఆర్‌లో రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూడు అన్నాను. పొద్దున్నే మెసేజ్ పెట్టింది. మీటింగ్ మూడు నెలలకోసారట, పోయిన వారమే అయిపోయిందట.