టికెట్ లేని చోటే రాణి కనబడింది

మనిషికి 58 యూరోలు. అమ్మకీ నాకూ కలిపి 116. పారిస్‌లో సాంత్ షాపెల్ అనే పాత రాజుల ప్రార్థన మందిరం చూపించినందుకు, ప్రవేశ టికెట్‌తో కలిపి ఒక గైడ్‌కి ఇచ్చిన డబ్బు అది. నేను అక్కడికి వెళ్లిందే పదమూడో శతాబ్దపు ఫ్రాన్స్ రాణి బ్లాంష్ కోసం. గంటన్నరలో ఆయన ఆమె పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

కింది ప్రార్థన మందిరంలో కొన్ని స్తంభాలు నీలం, వాటి మీద బంగారు లిల్లీలు. మిగతావి ఎరుపు, వాటి మీద బంగారు కోటలు. కోటలెవరివని అడిగితే "అలంకారం" అని ముందుకు నడిచాడు. అలంకారమా! అవి ఇప్పటి స్పెయిన్‌లో ఉన్న కాస్టిల్ రాజ్యం గుర్తులు. ఈ మందిరం కట్టించిన ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ తల్లి బ్లాంష్ పుట్టింటివి. ఆ డబ్బుతో మీరు హాయిగా రెండు పూటలా భోంచేయండి.

బస సంగతి ఇంకా ఘోరం. నాలుగు రాత్రులకి 412 యూరోలు. లిఫ్ట్ ఉందని రాశారు, తీరా వెళ్తే పాడైందన్నారు. మూడో అంతస్తు, రెండు సూట్‌కేసులు, అమ్మ మోకాళ్లు. మర్నాడు "నేనెక్కడికీ రాను" అని పడుకుంది. పులిహోర కలిపి, బతిమాలి పారిస్ బయట ఉన్న మోబ్విసోన్ మఠానికి బయల్దేరదీశాను. గార్ దు నోర్ స్టేషన్ నుంచి పోంత్వాజ్ వైపు రైలు, మేం వెళ్లినప్పుడు మనిషికి 2.50 యూరోలే. సేంత్ ఊఎన్ లోమోన్‌లో దిగి నడిచాం.

1236లో బ్లాంష్ సన్యాసినుల కోసం స్థాపించిన మఠం అది. ప్రవేశం ఉచితం. చర్చి కూలిపోయింది, రాణి సమాధి కూడా లేదు. సన్యాసినులు సమావేశమైన గది, దాని రాతి కమానులు, పెద్ద ధాన్యపు కొట్టు మిగిలాయి. అక్కడ పనిచేసే ఒకామె మా కోసం పని పక్కన పెట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో ఎంత ఓపిగ్గా చూపించిందో!

గడ్డి మీద కూర్చుని పులిహోర తింటూ అమ్మకి కథ చెప్పాను. బ్లాంష్ 12 ఏళ్లకే, 1200లో, ఫ్రాన్స్ రాజు ఇంటికి కోడలిగా వచ్చింది. ఆమెను తీసుకురావడానికి 80కి దగ్గరపడ్డ అమ్మమ్మ ఎలియనోర్ కొండలు దాటి కాస్టిల్ వెళ్లింది. 1226 నవంబరులో భర్త పోయాడు. కొడుకు లూయీకి అప్పుడు 12 ఏళ్లే. అదే నెలలో రీమ్స్‌లో పట్టాభిషేకం చేయించి, పాలన తను చూసుకుంది. మరుసటి ఏడు సామంతులు పిల్లాణ్ని పట్టుకోవాలని చూస్తే, పారిస్ జనం ఆయుధాలతో అతనున్న మోన్‌లెరీ ఊరి దాకా వెళ్లి తీసుకొచ్చారు.

"పన్నెండేళ్లవాడినా?" అంది అమ్మ, ముద్ద చేతిలోనే ఉంచుకుని. పొద్దున్నుంచీ ఆమె అడిగిన మొదటి మాట అది.

కొడుకు 1248లో క్రూసేడ్‌కి, అంటే తూర్పు దేశాల మీద మతయుద్ధానికి వెళ్తే రాజ్యం మళ్లీ తల్లి మీదే పడింది. అప్పటికి 60 ఏళ్లు. పన్ను కట్టలేదని చర్చి పెద్దలు పల్లెజనాన్ని ఖైదులో కుక్కితే, తనే వెళ్లి చేతికర్రతో తలుపు మీద కొట్టి తెరిపించిందని చెబుతారు. 1252 నవంబరులో పోయింది. ఇక్కడే పూడ్చారు.

"అప్పుడు కొడుకు ఎక్కడున్నాడు?"

ఇంకా దూరదేశంలోనే. కబురు అందేసరికి నెలలు పట్టింది. 1254లో గానీ తిరిగి రాలేదు.

అమ్మ డబ్బా మూతపెట్టి ఆ రాళ్లకేసి చూస్తూ కూర్చుంది. ఐదు గంటల రైలు వదిలేశాం.